పావురాల మేత

"తప్పు మాదేనండీ. మీరు ఖాతాలో ఉన్నదానికన్నా ఒక్కసారి రెండు పౌండ్లు ఎక్కువ వాడారు, అంతే. మిగతాదంతా మేం వేసిన జరిమానా, దానిమీద మళ్ళీ జరిమానా. మొత్తం వెనక్కిచ్చేస్తున్నాం," అంది బ్యాంకు అమ్మాయి.

పోట్లాటకు సిద్ధమై వచ్చిన బెరిల్ పక్కనున్న మొగుడి ముఖం చూడలేకపోయింది. ఖాతాలో డబ్బంతా మేతకే తగలేస్తున్నావని అరిచి, నిరుడు అతని పందెం పావురాలన్నిటినీ బార్న్స్‌లీ ఊరివాడెవడికో అమ్మించింది ఆవిడే.

బయటికొచ్చాక, "ఈ డబ్బుతో పావురాల్ని మళ్ళీ కొనుక్కోవయ్యా, డెరిక్," అంది.

"కొనడమెందుకే పిచ్చిదానా? పందెం పావురాలు పాత గూడు మర్చిపోతాయా? అవి రోజూ తెల్లారేసరికి మన కప్పుమీదే వాలుతున్నాయి. నువ్వు చూస్తే మళ్ళీ గొడవని, నీకు మెలకువ రాకముందే నేనే తోలేస్తున్నా."