మంచం జరిపిన రోజు

కూతురు జోగమ్మ వీధి పంపు నుంచి తిరిగొచ్చేలోగా దాలమ్మ చేయాల్సిన పనులు: మంచాన్ని గోడవార నుంచి లాగి గది నడుమ అడ్డంగా వేయాలి. నీళ్ళ కుండను పొయ్యి మూలకు జరపాలి. పీటను గుమ్మం లోపల పడేయాలి. దండెం కిందికి దించి కట్టాలి.

మొగుడు నూకరాజు రైల్వే వర్క్‌షాపుకి పోయాడు. దాలమ్మ ఒక్కతే ఇవన్నీ చేసింది. చేతులు చేస్తున్నాయి కాని మనసు ఒప్పడం లేదు.

జోగమ్మ పుట్టుగుడ్డి. అయినా ఇల్లంతా ఆ పిల్ల కాళ్ళకి తెలుసు. అదే కొంప ముంచింది. గోల్‌బజార్ అవతల గుడ్డివాళ్ళకు పేము కుర్చీలు అల్లడం నేర్పే కేంద్రం ఉంది. మున్సిపాలిటీ సాయంతో వార్డు సంఘం నడుపుతోంది. అందులో ఒక్క చోటు ఖాళీ పడితే, పిల్లను చూడడానికి సంఘం తరఫున దత్తబాబు పోయిన నెల వచ్చాడు. ఇంటికొచ్చిన మనిషికి నీళ్ళివ్వకుండా ఎలా? జోగమ్మ చటుక్కున లేచి, కుండలో చెంబు ముంచి, చుక్క ఒలకకుండా తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన "కొంత చూపుంది" అని రాసుకుని పోయాడు. కాళ్ళావేళ్ళా పడితే మళ్ళీ ఒక్కసారి చూస్తానన్నాడు. ఆ ఒక్కసారీ ఇవాళే.

రెండడుగులు తడబడమని దాలమ్మ కూతుర్ని పొద్దున్నే బతిమాలింది.

"గుడ్డిదానికి గుడ్డితనం నేర్పుతున్నావేటే అమ్మా?" అని నవ్వేసింది జోగమ్మ. "నాకా ఏసాలు రావు."

అందుకే ఈ ఏర్పాటంతా.

ముందు దత్తబాబే వచ్చాడు. పీట దాటి లోపలికొచ్చి గోడవార నిలబడ్డాడు. బెంగాలీ మనిషైనా ఈ రైల్వే ఊళ్ళో తెలుగువాళ్ళ మధ్య పెరిగాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. ఆయన వెనకే చంకన బిందెతో జోగమ్మ వచ్చింది. ఆగమనే మాట దాలమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

పీట తగిలింది. బిందె ఎగిరి పడింది. తమాయించుకుని రెండడుగులు వేసేసరికి దండెం మొహానికి కొట్టుకుంది. బెదిరి పక్కకి తిరిగి మంచం కోడు మీద పడింది. గడ్డం చిట్లింది.

"అమ్మా," అంది నేల మీద నుంచే. "ఇది మనిల్లు కాదేటే?"

దాలమ్మ కొంగుతో నెత్తురు అద్దుతూ ఓరకంట దత్తబాబు కేసి చూసింది. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. ఇక చోటు దొరికినట్టేననుకుంది.

పోయినసారి తనే పొరపాటు పడ్డానని దత్తబాబు ఒప్పుకున్నాడు. పాత మాట కొట్టేసి, చూపు బొత్తిగా లేదని రాశాడు. దాలమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"అయితే సోటు ఇచ్చినట్టేనా బాబూ?"

దత్తబాబు ఎంతో జాలిగా తల అడ్డంగా ఊపాడు.

"ఎలా ఇస్తాను దీదీ? మా దగ్గరికి ఎవరికి వాళ్ళు నడిచి రావాలి. సొంతింట్లోనే నడవలేని పిల్ల అంత దూరం ఒంటరిగా ఏం వస్తుంది?"

మీరెప్పుడైనా పేము కుర్చీలో కూర్చుంటే, దాన్ని అల్లలేకపోయిన జోగమ్మను ఒక్కసారి తలుచుకోండి.