ఐర్లాండు బాణీ

"సినిమా బాణీ పట్టుకొస్తే స్టేజి మీదికెల్లి దించేస్త" అని జానయ్య తెగేసి చెప్పాడు. "మన మట్టి బాణి గావాలె. ఎవ్వలూ ఇననిది గావాలె. సమజైందా?"

బెన్నీ అర్థమైనట్టు తలూపాడు. బయటికొచ్చాక ఆ తల పట్టుకున్నాడు.

ఆదివారం ఎల్‌బీనగర్ చౌరస్తాలో ధూంధాం, తెలంగాణ ఉద్యమం ఆటపాటల సభ. జానయ్య బృందంలో పాడే అవకాశం కోసం బెన్నీ నెలల తరబడి ఆయన వెంట తిరిగాడు. తీరా దొరికితే ఈ మెలిక. బెన్నీ చంపాపేటలో పుట్టి చంపాపేటలో పెరిగినవాడు. చర్చిలో కీబోర్డు వాయించడం వచ్చు. మట్టి బాణీ అంటే ఎక్కడ తవ్వుకొస్తాడు?

పై వాటాలో ఉండే గౌతమ్ ఆదుకున్నాడు. వాళ్ళది తెనాలి. తెలంగాణ కోసం జరుగుతున్న సమ్మె మూలంగా దిల్‌సుఖ్‌నగర్‌లో అతని కోచింగ్ సెంటర్ మూతపడింది. దాంతో పొద్దస్తమానం నెట్టు ముందే కాపురం. మనిషికి వయొలిన్ పిచ్చి. ఎవరు ఎక్కడ కమాను పట్టినా వింటాడు.

"తెలంగాణ పాటకి ఆంధ్రావాడి సాయమా! మీ జానయ్యకి తెలిస్తే నిన్నూ నన్నూ కలిపి తంతాడ్రోయ్" అంటూనే కంప్యూటర్ ముందు కుర్చీ వేశాడు.

అది ఐర్లాండు సైటు. ఆ దేశపు పాత జానపద గాయకుల రికార్డులన్నీ అందులో పోగేసి పెట్టారు. ఫిడేళ్ళు, పిల్లనగ్రోవులు, పొగచూరిన గొంతులు. వెనకాల ఎక్కడో కుక్క అరుపు, ఎవరిదో దగ్గు. వాటి నడుమ ఒక ముసలమ్మ. ఆమె పేరు రాయలేదు. పాటకి మాటలు కూడా లేవు. నోటితోనే డీడిలి డండం, డీడిలి డండం అంటూ పరుగెత్తించింది.

"అక్కడ ఇలా మాటల్లేకుండా పాడటం మామూలేనట" అన్నాడు గౌతమ్.

బెన్నీ వినడం లేదు. అతని కాలు దానంతటదే ఆడుతోంది.

"గిదే!" అని కుర్చీలోంచి ఎగిరాడు. "అరే, దీనికి మాటలు నేనేస్తా. ఐర్లాండుకెల్లి ఎవలొచ్చి అడుగుతరు?"

అదే సాయంత్రం మాటలు కట్టేశాడు.

*ఎల్బీనగరు చౌరస్తల బస్సాగె,*
*బస్సాగినా నా కాలాగదాయె!*

ఆదివారం వచ్చింది. బెన్నీ మైకు పట్టుకున్నాడు. మొదటి డండం పడగానే డప్పులందుకున్నాయి. రెండో చుట్టుకి సమ్మెలో ఉన్న బస్సు డ్రైవర్లు ఈలలేశారు. మూడో చుట్టుకి చౌరస్తా మొత్తం గంతులే. బందోబస్తుకొచ్చిన కానిస్టేబులొకాయన లాఠీతో తాళం వేస్తూ దొరికిపోయి, దాన్ని చంకలో దాచుకున్నాడు. మళ్ళీ పాడమన్నారు. పాడాడు. మళ్ళీ అన్నారు!

అప్పుడు జానయ్య మైకు లాక్కున్నాడు.

"మస్తుగుంది. గని ఏ ఊరి బాణిరా ఇది?"

డప్పులు ఆగాయి. బెన్నీ గౌతమ్ కోసం చూశాడు. జనంలో గౌతమ్ మొహానికి కండువా కప్పేసుకున్నాడు.

"మాది!"

ముందు వరసలోంచి ఒక ముసలావిడ లేచింది. బెన్నీ అమ్మమ్మ, కాంతమ్మ. మునుగోడు పక్కన దొరసానులుండే మిషన్ దవాఖానలో ఆయాగా చేసి, ఒంట్లో ఓపిక తగ్గాక ఈ మధ్యే కూతురింటికి వచ్చింది.

"మా అవ్వ నాట్లేసుకుంట పాడేది. గీ బాణి మాది" అంటూ కొంగు నడుముకి దోపి చప్పట్లు అందుకుంది.

జానయ్య స్టేజి దిగివచ్చి ఆమె కాళ్ళకి దండం పెట్టాడు. చౌరస్తా మళ్ళీ ఊగిపోయింది.

తిరుగు దారిలో బస్సుల్లేవు. ఎర్రటి ఎండలో ముగ్గురూ నడక. బెన్నీకి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. రెండడుగులు నడిస్తే మూడో అడుగు గంతు.

"అమ్మమ్మా, నా కోసం గంతమందిల అబద్ధమాడినవు గదనే! రేపు పాస్టరయ్యకు ఏం జెప్తవ్?" అని ఆమెని వాటేసుకున్నాడు.

కాంతమ్మ విదిలించుకుంది. "అబద్ధమేంది? గది మా అవ్వ బాణే. దవాఖానల నేనే మస్తుమందికి నేర్పిన."

మనవడు పగలబడి నవ్వాడు. గౌతమ్ కరెంటు స్తంభం పట్టుకుని నవ్వాడు.

"నవ్వుర్రి. పండ్లు రాలిపోయేదాంక నవ్వుర్రి" అని ఆవిడ విసవిసా ముందుకి నడిచింది.

కర్మన్‌ఘాట్ దగ్గర మూసి ఉన్న షాపు మెట్ల మీద ఆమెని బతిమాలి కూర్చోబెట్టారు.

"మామ్మగారూ, కోప్పడకండి. అది సముద్రాల అవతలి పాటండీ. పాడింది కూడా దొరసాని. కావాలంటే మీరే వినండి" అన్నాడు గౌతమ్.

"పెట్టు. ఇంటా."

గౌతమ్ ఫోనులో దాచుకున్న రికార్డు పెట్టి సౌండు పెంచాడు. డీడిలి డండం. కాంతమ్మ కళ్ళు చిట్లించింది. తర్వాత మెల్లగా మూసుకుంది. ఆమె వేళ్ళు మెట్టు మీద కదలసాగాయి.

అది చూసి కుర్రాళ్ళకి మళ్ళీ నవ్వు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళూ బాణీ అవగానే టక్కున ఆపి మొదటికి వెళ్ళేవాళ్ళు. ఈసారి నవ్వుతూ ఒకరి మీద ఒకరు పడి, ఆ సంగతే మరిచిపోయారు.

బాణీ అయిపోయింది, రికార్డు ఆగలేదు, ఫోనులోంచి ఆ ఐర్లాండు ముసలమ్మ ఆయాసపడుతూ, నవ్వుతూ అడిగింది: "ఏం కాంతమ్మా, గిప్పుడన్న సక్కగొచ్చిందా?"