ఓడినవాడికి చాకిరీ

ఆదివారం మధ్యాహ్నం చివరి రౌండులో క్లెమెంట్ ఎదురుగా డెన్నిస్ వచ్చి కూర్చోగానే చెస్ క్లబ్బువాళ్లకి పండగైపోయింది.

శుక్రవారం నుంచి నాలుగు ఆటలాడి నాలుగూ పోగొట్టుకున్న వీరులు ఆ పోటీ మొత్తానికి వీళ్లిద్దరే. తమ ఊరు డడ్లీ నుంచి మినీబస్సులో నడుములు విరగ్గొట్టుకుని వేల్స్ సముద్రం దాకా వచ్చింది, చివరికి ఒకరితో ఒకరు ఆడుకోవడానికి.

అసలు పండగ అందుకు కాదు. యాత్రలో అట్టడుగున నిలిచినవాడు వచ్చే ఏటి యాత్ర నెత్తికెత్తుకోవాలి. అది క్లబ్బు కట్టుబాటు. బస్సు మాట్లాడాలి, పేర్లు పంపాలి, బస చూడాలి. ఒక ఏడు పరుపులు చెమ్మగా ఉండి అందరికీ జలుబులు పట్టుకున్నాయి. అప్పటినుంచి ఇంకో నిబంధన చేర్చారు. బాధ్యుడు ముందే ఆ ఇంటికి వెళ్లి, గదికో రాత్రి చొప్పున పడుకుని చూసి రావాలి. ఈ సముద్రతీరపు ఊరు బార్మత్‌లో వాళ్లు దిగే ఇంట్లో గదులు ఏడు.

నాలుగేళ్లుగా ఆ చాకిరీ క్లెమెంట్‌దే. అరవై దాటిన మనిషి, తాళాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లీ పెటాకులూ లేవు. "మళ్లీ నేనేనా? ఆ రైలెక్కీ దిగీ నా మోకాళ్లు అరిగిపోయాయిరా బాబూ!" అని ఏటా సర్వసభ్య సమావేశంలో గోలపెడతాడు. అందరూ హాయిగా నవ్వుకుంటారు.

ఆ ఇంటావిడ మిసెస్ ప్రోసర్ తక్కువ మనిషేం కాదు. భర్త పోయి పదేళ్లయింది, నోరు మాత్రం పదునుగానే ఉంది. ఆ వీధిలో కొత్త మనిషి గేటు ముట్టుకుంటే చాలు, నాలుగు కిటికీల తెరలు కదులుతాయి. అందుకే శుక్రవారం బస్సు ఆగగానే వీధంతా వినపడేలా అరిచింది.

"చెస్ వాళ్లొచ్చారు! బూట్లు బయటే విప్పండి! క్లెమెంట్ గారూ, మీవాళ్లకి మీరైనా చెప్పుకోరా?"

క్లెమెంట్ తలొంచుకుని ముందుగా తన బూట్లే విప్పాడు.

ఇప్పుడు క్లబ్బు కెప్టెన్ రేమండ్ వాళ్ల బల్ల దగ్గరికొచ్చి ఇద్దరి భుజాలూ తట్టాడు.

"ఒరేయ్ క్లెమ్, ఈసారైనా గండం గట్టెక్కరా. డెన్నిస్, నువ్వు రైలు టైములు రాసిపెట్టుకో."

"నోర్ముయ్యరా!" అన్నాడు డెన్నిస్. "నేనిక్కడ ఏడు రాత్రులు పడుకుంటే మా ఆవిడ ఇంటి తాళాలు మార్చేస్తుంది."

ఆట మొదలైంది. ఇద్దరూ ఇద్దరే. క్లెమెంట్ గుర్రాన్ని ఊరికే వదిలేశాడు. డెన్నిస్ దాన్ని చూడనేలేదు, తన ఏనుగును వదిలేశాడు. ఇరవయ్యో ఎత్తుకి బల్ల చుట్టూ క్లబ్బంతా మూగింది. అప్పుడు డెన్నిస్ తన మంత్రిని తీసుకెళ్లి క్లెమెంట్ రాజు పక్కన ఠపీమని పెట్టాడు.

"చెక్ మేట్!"

క్లెమెంట్ కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. ఓటమి ఒప్పుకుంటూ చెయ్యి చాపాడు. వెనకనించి రేమండ్ ఖళ్లున దగ్గాడు. ఆ దగ్గుకి చెయ్యి సగంలో ఆగిపోయింది.

ఆ మంత్రికి కాపలా ఉండాల్సిన ఒంటె మూడెత్తుల కిందటే చచ్చింది. డెన్నిస్ మరిచిపోయాడు. రాజు మంత్రిని తేరగా తినెయ్యచ్చు. నిజానికి క్లెమెంట్‌కి అది తప్ప మరో ఎత్తే లేదు.

క్లెమెంట్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అతని గడియారంలో ఇంకా నలభై నిమిషాలుంది, అవి అయిపోతే ఆట ఓడినట్టే. పది గడిచాయి, ఇరవై గడిచాయి. నుదుట చెమట పట్టింది. కదిలితే ఒట్టు.

పాపం, నాలుగేళ్లు దెబ్బతిన్నవాడు, ఇందులోనూ ఏదో ఉచ్చుందని భయపడుతున్నాడు అనుకున్నారంతా. ఒకరినొకరు గిల్లుకున్నారు. పోటీ నడిపే పెద్దమనిషి చూస్తున్నాడు కాబట్టి ఎవరూ పెదవి విప్పలేదు.

మూడు నిమిషాలు మిగిలాయి. ఇంతసేపు వీడేం ఆలోచిస్తున్నాడా అని డెన్నిస్ బల్ల మీదికి వంగి చూశాడు. మొహం పాలిపోయింది.

"నా కళ్లు మండ!" అని తన రాజును పడగొట్టేశాడు. "ఓడిపోయానురా."

"ఆగు డెన్నిస్, తొందరపడకు," అన్నాడు క్లెమెంట్. "ఇంకా మూడు నిమిషాలుంది కదా."

"చాల్లేరా నీ జాలి!"

క్లబ్బంతా క్లెమెంట్‌ని అమాంతం ఎత్తుకుంది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూడండ్రా, ఆనందబాష్పాలు!" అని అరిచాడు రేమండ్. సముద్రం ఒడ్డున ఉన్న పబ్బుకి లాక్కెళ్లారు. అతని ముందు ఆరు బీరు గ్లాసులు వరసగా పెట్టారు. అతను ఒక్కటి కూడా పూర్తిగా తాగలేకపోయాడు.

సాయంత్రం సామాన్లు బస్సెక్కాయి. గదుల తాళంచెవులు తిరిగివ్వడం బాధ్యుడి ఆఖరి పని. క్లెమెంట్ ఏడు తాళంచెవులూ పట్టుకుని ఒక్కడే వంటింటి గుమ్మందాకా వెళ్లాడు.

మిసెస్ ప్రోసర్ పళ్లేలు తుడుస్తోంది. చిన్న ఊరు, కబురు అప్పటికే చేరిపోయింది. ఆమె తువ్వాలు పక్కన పెట్టి, అతని వెనక ఎవరూ లేరని చూసుకుని, తలుపు దగ్గరగా వేసింది.

"నాలుగేళ్లు నాకోసం ఓడినవాడివి, ఈ ఒక్క ఆట ఓడలేకపోయావా?"