పెరుగు గిన్నె మీద ప్రోగ్రాం

“మళ్ళీ కంపైల్ దగ్గరే ఆగిపోయింది,” అంది భవిత.

విజిట్ వీసా మీద జెడ్డా వచ్చిన అత్తగారు సావిత్రమ్మకి అది “కఫీల్” అని వినపడి, గుండె కూడా అక్కడే ఆగిపోయింది. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కాదంటే కొడుక్కి ఇక్కడ ఉద్యోగమే లేదు మరి.

“ఆగింది అబ్బాయి కాగితాలేనా?”

“కాదత్తయ్యా, నా ఉద్యోగానికి పెట్టిన పరీక్ష. లాప్‌టాప్ పాడైందని ప్రోగ్రాం ఫోన్లోనే రాశా. గంటలో పంపాలి. కంపైల్ చేస్తుంటే వేడెక్కి ఆరిపోతోంది.”

పొద్దస్తమానం ఆ ఫోనేమిటని దెప్పే సావిత్రమ్మకి కోడలు రాసేది కోడ్ అని అప్పుడే తెలిసింది. ఫోను వీపు తడిమి, “జొరం కాసిందే దీనికి,” అంటూ ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీసి, మూత మీద దాన్ని పడుకోబెట్టి, అట్టముక్కతో విసరసాగింది.

అంతలో కొడుకు హేమసుందర్ భోజనానికి వచ్చాడు. “ఫోనుకి విసురుతున్నావేంటమ్మా?”

“నీ కఫీల్ ఆపేశాడేమోనని హడలిపోయాన్రా. కాదట, కంపైలట. అమ్మాయి రాసింది ఫోనుకి అర్థమయ్యేలా మార్చడమట.”

“నడిచిందత్తయ్యా,” అంది భవిత, తెర మీంచి చూపు తిప్పకుండా. “పంపుతున్నా.”

“ఆకలేస్తోందమ్మా. పెరుగు వెయ్యి,” అన్నాడు హేమసుందర్.

సావిత్రమ్మ విసరడం ఆపలేదు. “ఆగరా, పంపనీ. ఆ గిన్నె మీద మీ ఆవిడ ఉద్యోగం ఉంది.”