కోటు బొత్తాం

"మళ్లీ ఆ బొత్తాం కంటికి పెట్టుకున్నావా? నలుగురూ నవ్విపోతారు, దించు!"

కంటి ఆస్పత్రి వరండాలో తల్లి గదిమేసరికి దర్జీ గబుక్కున బొత్తాం దించేశాడు. పాపం, అతని తప్పేం లేదు. ఉత్త కళ్లతో చూస్తే తలుపు మీది ప్రతి అక్షరం పక్కనా ఇంకో రెండు అక్షరాలు నీడల్లా ఊగుతున్నాయి. కోటు బొత్తాం కన్నంలోంచి చూస్తే మాత్రం బుద్ధిగా ఒక్కటే నిలబడుతోంది.

మూడేళ్లలో నాలుగు కళ్లజోళ్లు మార్చాడు. అయినా కుట్టు వంకరే. గుడ్డ మీద బొటనవేలు పోనిచ్చి తప్పు ఇట్టే పట్టేస్తుంది తల్లి. కళ్లు బాగుపడేదాకా మిషన్ ముట్టుకోవద్దని నిన్న తేల్చి చెప్పింది. భర్త పోయాక కొట్టు నిలబెట్టిన మనిషి, ఆవిడ మాటంటే మాటే. కత్తెర తప్ప సూది పట్టదు. దారం ఎక్కించడం పని నేర్చుకునేవాళ్ల పనంటుంది. చేతిలో ఉన్న ఒక్క విద్యా పోతుందేమోనని దర్జీకి నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు.

డాక్టరమ్మ అతని కంటి ఫోటో చూపించింది.

"నల్లగుడ్డు ముందు అద్దంలాంటి పొర ఉంటుంది. నీకది పలచబడి, శంకువులా ముందుకు పొడుచుకొచ్చింది. కెరటోకోనస్ అంటారు. లోపలికెళ్లే వెలుతురు తలో దారీ పడుతుంది, అందుకే ఒకటి మూడుగా కనిపిస్తుంది. చిన్న కన్నం పెడితే అడ్డదారి వెలుతురు ఆగిపోతుంది. నీ బొత్తాం కిటుకు అదే!"

"నా చూపు పోతుందా డాక్టరుగారూ?"

"పోనిస్తామా? ముదరకుండా చికిత్స చేసి, గట్టి లెన్సులు పెడతాం. నువ్వు మాత్రం కళ్లు నలపకు."

"నేనూ అదే మొత్తుకుంటున్నానమ్మా, వింటేగా!" అంది తల్లి కళ్లు నులుముకుంటూ.

"కొన్ని కుటుంబాల్లో ఇది ఒకరికి మించి వస్తుంది. మీరూ ఓసారి చూపించుకోండి."

"నాకెందుకమ్మా? నా కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. తోడొచ్చినదాన్ని కూడా కూర్చోబెట్టేస్తారా?" తల పక్కకి వంచి, ఒక కన్ను మూసి, డాక్టరమ్మను ఎగాదిగా చూసింది. కోపమొస్తే ఆవిడ చూపు అంతే.

చికిత్స అయింది. కొన్ని వారాలకు లెన్సులూ వచ్చాయి. అవి పెట్టుకుని దర్జీ ఆస్పత్రి గోడ మీది చార్టు చూశాడు. అక్షరాలు ఒక్కొక్కటే, ఇస్త్రీ చేసినట్టున్నాయి.

"అమ్మా, ఇక దీంతో పనిలేదు. పారెయ్," అని బొత్తాం తల్లి చేతిలో పెట్టాడు.

"పారేస్తారుట్రా? ఏ కోటుకో పనికొస్తుంది."

అతను పై వరుస నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఐదో వరుసకి వచ్చేసరికి మిషన్ గుర్తొచ్చింది. కళ్లనిండా నీళ్లు, ఇంకేం చదువుతాడు?

"గ, స, వ, మ, ద..."

వెనక నుంచి తల్లి తడుముకోకుండా ఆ వరుస చదివేసింది. అమ్మది డేగచూపే అనుకుంటూ అతను గర్వంగా తిరిగి చూశాడు.

బొత్తాం ఆమె కంటి ముందుంది.