ఖాళీ కుర్చీకి వేసిన ముక్కలు

మా ఆయన బ్యాగ్‌లో రెండు చొక్కాలు, బీపీ మాత్రలు, మాస్కుల ప్యాకెట్ సర్దాను. కోవిడ్‌లో మూసేసిన కాసినోలో పోకర్ పేకాట టోర్నమెంట్లు మళ్ళీ మొదలయ్యాయి. ఆ ఏడాదిన్నరలో ఆసుపత్రికి సాగనంపిన చాలామందిని నేను మళ్ళీ చూడలేదు. అందుకే మేముండే ఎడిసన్ నుంచి ఆ కాసినో ఉన్న అట్లాంటిక్ సిటీకి ఆయన వెంట నేనూ వెళ్ళాను.

చీకటి పడ్డాక ఆట మొదలైంది. చూసేవాళ్ళ కోసం కట్టిన తాడుకి ఇవతల నేను నిలబడ్డాను. ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఫీజు కట్టిన మనిషి రాకపోయినా అతనికీ ముక్కలు వేస్తారు, వెంటనే తీసేస్తారు. డబ్బుకి బదులు పందెం కాసే బిళ్ళలు, చిప్స్ మాత్రం ప్రతి ఆటకీ అతని కుప్పలోంచి పోతూనే ఉంటాయి. ఆ కుప్ప తరగాలి. కానీ పెరుగుతోంది.

బ్రేక్‌లో ఆయన నా దగ్గరికి వచ్చారు.

"ఏమండీ, ఆ చిప్స్ చూశారా? ఇంటికెళ్ళిపోదాం."

"చూశానే. రాకుండానే నాకంటే బాగా ఆడుతున్నాడు!" అని నవ్వారు. "రెస్ట్‌రూమ్‌కి వెళ్ళొస్తా. ఇక్కడే ఉండు."

బ్రేక్ అయిపోయింది. తక్కినవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. వాళ్ళ వేళ్ళ మధ్య చిప్స్ టకటకలాడాయి. ముక్కలు పంచే డీలరమ్మాయి తలెత్తకుండా రెండు ఖాళీ కుర్చీల ముందూ ముక్కలు వేసింది.

మా ఆయన దామోదర్ తిరిగి రాలేదు. అది 2021 అక్టోబరు, ఒక శనివారం రాత్రి.