గోడ దగ్గరి మనిషి

"ఆ ఫోన్ ఇట్టా తే."

తేజ ఆ మాటంటూనే గోడ దగ్గర కూర్చున్న మనిషి చేతిలోంచి ఫోన్ లాగేసుకున్నాడు. నరసరావుపేట గ్రౌండ్‌లో ఆడపిల్లల వాలీబాల్ మంచి ఊపులో ఉంది. రెంటచింతల జట్టులో తేజ చెల్లెలు వర్షిణి ఆడుతోంది.

ఆ మనిషికి యాభై దాటి ఉంటాయి. ఎవరి తాలూకో తెలియదు. మాచర్లలో టోర్నమెంట్ పెడితే అక్కడ ఉన్నాడు, గురజాలలో పెడితే అక్కడా ఉన్నాడు. జట్లు వైపులు మారగానే ఈయనా ఈ గోడ దగ్గర్నుంచి ఆ గోడ దగ్గరికి మారతాడు. వర్షిణి మొహం కనబడే వైపే కూర్చుని, ఆమె ఎగిరినప్పుడల్లా ఫోన్ ఎత్తుతాడు.

ముందు కనిపెట్టింది వర్షిణే. "అన్నయ్యా, ఆయన ఉంటే నాకు ఆట మీద మనసు నిలవట్లా" అంది పొద్దున.

తేజ అసలే వెనకాముందూ చూసే రకం కాదు. రికార్డింగ్ ఆపి, పాత వీడియోలు వేలితో జరుపుతూ చూశాడు. చూసినన్నిట్లో వర్షిణే. ఎగురుతూ, కొడుతూ, పిడికిలి బిగించి అరుస్తూ.

"ఏంది ఇదంతా?"

"ఆట బాబూ. ఆటే తీస్తన్నా."

"మా చెల్లెల్నే తీస్తన్నావేంది? నీ వయసెంత?"

ఆ మనిషి మొహం కందిపోయింది. కోర్టు వైపు ఒకసారి చూసి గొంతు బాగా తగ్గించాడు.

"బయటికి పోయి మాట్లాడుకుందాం బాబూ, దణ్ణం పెడతా. పిల్లలు ఇటు చూస్తే ఆట చెడిపోద్ది."

"ఇప్పుడు గుర్తొచ్చారా పిల్లలు?"

తేజ ఫోన్‌ని సిమెంటు మెట్టుకేసి కొట్టాడు. అద్దం భళ్ళుమంది. ఆ మనిషి వంగి ఫోన్ తీసుకుని, చొక్కాకి తుడుచుకుంటూ గేటు బయటికి వెళ్ళిపోయాడు.

కోర్టులోంచి అంతా చూసిన వర్షిణికి ప్రాణం తేలికపడింది. ఇక ఆ రోజు ఆమె కొట్టిన బంతికి తిరుగులేదు.

అవతల చిలకలూరిపేట జట్టు లిబరో మాత్రం చివరిదాకా వదల్లేదు. లిబరోకి ఎగిరి కొట్టే పని ఉండదు. అవతలివాళ్ళు కొట్టిన బంతి నేలకి తగలకుండా లేపడమే పని. పసుపు జెర్సీలో పిడికెడంత పిల్ల, మోకాళ్ళు చెక్కుకుపోయినా పడి లేస్తూనే ఉంది.

ఆట అయ్యాక వర్షిణి చెయ్యి కలిపితే "చానా బాగా కొట్టావక్కా" అని నవ్వింది. తర్వాత ఎవరినో వెతుక్కుంటూ గేటు వైపు వెళ్ళింది.

వర్షిణి దిగులు వర్షిణిది. విదేశంలో ప్రొఫెషనల్ క్లబ్బుకి ఆడాలన్నది చిన్నప్పటి నుంచీ ఆమె పిచ్చి. ఊళ్ళో ఆ మాటంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. వాళ్ళ నాన్న నాగేశ్వరరావు మిరప చేలో నిలబడి తేల్చేశాడు.

"ఈ ఏడు చూస్తానమ్మా. పిలుపు రాకపోతే బ్యాంకు కోచింగ్‌లో చేరు. మళ్ళా నా దగ్గర బంతాట మాట ఎత్తొద్దు."

ఆమె కనబడిన క్లబ్బుకల్లా మెయిల్ పెట్టింది. ఒక్కరూ పలకలేదు.

మిరప కోతలు అయ్యే వేళకి పోర్చుగల్‌లో ఒక క్లబ్బు నుంచి రెంటచింతల జట్టు కోచ్ ఇన్నయ్యకి ఫోన్ వచ్చింది. వర్షిణి ఆట చూశామనీ, ఒక సీజన్‌కి తీసుకుంటామనీ.

ఆ కబురు చెప్పడానికి ఇన్నయ్య బండేసుకుని చేలోకే వచ్చేశాడు. నాగేశ్వరరావు కళ్ళు తుడుచుకుని, మిరప ఘాటని చెప్పాడు.

"నీ మెయిల్ ఎవరో చూశారే!" అన్నాడు తేజ. అందరూ అలాగే అనుకున్నారు.

పోర్చుగల్‌లో మొదటి రోజు, క్లబ్ కోచ్ వర్షిణిని టీవీ ముందు కూర్చోబెట్టింది. నెరిసిన జుట్టుతో, నవ్వు మొహంతో ఉందావిడ.

"నిన్ను తీసుకున్నది ఇది చూసే."

నరసరావుపేట గ్రౌండ్. వర్షిణి ఎగిరింది, కొట్టింది. మళ్ళీ ఎగిరింది. ఉన్నట్టుండి బొమ్మ ఊగిపోయింది. ఆకాశం, ఎవరిదో చెప్పు, ఆ తర్వాత తేజ మొహం.

"ఆ ఫోన్ ఇట్టా తే."

"ఈ కోపిష్టి ఎవరు?" అని కోచ్ నవ్వింది.

"మా అన్నయ్య." అంది వర్షిణి. "ఇది ఆ గోడ దగ్గరాయన పంపాడా? నాకోసం?"

"నీకోసం కాదు. ఉస్మాన్ అనే ఆయన ఇంకో ప్లేయర్ కోసం పంపాడు. ఆ చోటు మా దగ్గర ఖాళీ లేదన్నాం. ఎదురుగా కొడుతున్న పొడుగమ్మాయి ఎవరని అడిగాం. ఆ సాయంత్రానికే నీ పేరు, ఊరు, మీ కోచ్ నంబరు కనుక్కుని పంపాడు."

"ఆ ఇంకో ప్లేయర్ ఎవరు?"

కోచ్ వీడియోని వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది.

వర్షిణి ఇంతసేపూ తన మొహాన్నే చూసుకుంది. ఇప్పుడు చూసింది. బొమ్మకి ముందు భాగంలో, సరిగ్గా మధ్యలో, ఒక పసుపు జెర్సీ వీపు. బంతి ఎటు వస్తే అటు పడుతూ లేస్తూ ఉంది. కెమెరా మొదటి నుంచీ ఆ వీపు వెంటే తిరుగుతోంది.

ఆమెకి ఆ రోజు గేటు వైపు నడిచి వెళ్ళిన ఆ మనిషిని వెనక్కి పిలవాలనిపించింది.

"నీ గురించి ఆయన ఒక మాట కూడా చెప్పాడు" అంది కోచ్.

"ఏమని?"

"మెహ్జబీన్ తండ్రిగా చెబుతున్నా, మా పిల్ల లేపలేని బంతులు కొట్టేది ఆ అమ్మాయి ఒక్కతే అని."